నిత్యవిద్యార్థి గిడుగు

ఉద్యోగం లభించగానే చదువుతో తమకు పని తీరిందని తలచేవారు ఏ కాలంలోనైనా ఎక్కువమందే ఉంటారు. ఉపాధ్యాయవృత్తిలో ఈ ప్రమాదం మరీ అధికం. ఏటేటా విద్యార్థులు మారుతారు గాని పాఠం మారదు. ఒకసారి నేర్చుకొన్నదానినే వల్లిస్తూ జీవితమంతా గడిపినా ఆక్షేపించేవారు అరుదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై చరిత్ర బోధించడానికి చేరిన గిడుగు వేంకట రామమూర్తి కూడ అలాగే గడిపి ఉండవచ్చు. అప్పటికి ఆయనకు పదిహేడేండ్లు నిండీ నిండని వయస్సు.

రామమూర్తి 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. పన్నెండేండ్లకే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో మేనమామ ఇంట ఉండి మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. కుటుంబభారం మీదపడడంతో రామమూర్తికి పైచదువులకు తీరిక లేక ఉద్యోగంలో చేరవలసివచ్చింది. అయినా ఒకవైపు పాఠాలు చెబుతూనే మరొకవైపు ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులైనారు. పాఠశాల కళాశాలగా పెరిగినప్పుడు ఆయన కళాశాల తరగతులకు బోధించే అర్హత సంపాదించుకొన్నారు.

పట్టం చేతికి వచ్చినంత మాత్రాన ఆయన జిజ్ఞాస చల్లారలేదు. ముఖలింగ దేవాలయాలలోని శిలాశాసనాలు ఆయనను ఆకర్షించాయి. ఆ ప్రాచీన లిపిని నేర్పే గురువు లేడు. రామమూర్తి స్వయంకృషితో ఒక్కొక్క అక్షరాన్నే గుర్తుపడుతూ లిపి శతాబ్దాల పొడుగునా ఎలా రూపు మార్చుకొన్నదో గ్రహించారు. చరిత్రోపాధ్యాయుడు శాసన పరిశోధకుడైనాడు.

ఆయన జీవితంలో ఇంతకంటె విశేషమైన ఘట్టం సవర భాషాధ్యయనం. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో, అనగా నేటి ఒడిశాలోని గజపతి జిల్లాలోను, ఆంధ్రప్రదేశ్ ఉత్తరపు అంచులలోను సవరలు నివసిస్తున్నారు. ఆనాటికి వారి భాషకు లిపి లేదు, పుస్తకాలు లేవు. మైదానప్రాంతాలవారు దానిని భాషగా లెక్కించినవారే కారు. సవరలకు విద్య నేర్పాలంటే ముందుగా తాను వారి భాష నేర్వవలెనని రామమూర్తి నిశ్చయించుకొన్నారు. సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటిలోనే ఉంచుకొని, మాట వెంట మాటగా ఆ భాషను అభ్యసించారు. కుల భేదాలు కఠినంగా పాటించే ఆ రోజులలో, కళాశాలలో పాఠాలు చెప్పే పండితుడు అక్షరజ్ఞానం లేని కొండవాసుల భాషకు శిష్యుడై కూర్చోవడం సామాన్య విషయం కాదు. వినయాన్ని గూర్చి ఉపన్యసించేవారు ఎందరైనా ఉంటారు. ఎవరి ఎదుట శిష్యులుగా కూర్చొనడానికి అంగీకరిస్తారన్న దానిని బట్టియే ఆ వినయం ఎంతటిదో తెలుస్తుంది.

సవర భాష తెలుగు వలె ద్రావిడ భాష కాదు. అది ముండా భాషలలో ఒకటి. గొంతులో క్షణకాలం గాలి నిలిచిపోవడం వల్ల పుట్టే ధ్వని వంటివి అందులో ఉన్నాయి. తెలుగు వర్ణమాలలో వాటికి అక్షరాలు లేవు. అందువల్ల తెలిసిన వ్యాకరణపు మూసలో ఈ భాషను పోయడానికి వీలులేదు. రామమూర్తి అప్పుడప్పుడే వెలువడుతున్న భాషాశాస్త్ర గ్రంథాలను తెప్పించుకొని చదివి, వినిన ధ్వనిని వినినట్లు గుర్తించే పద్ధతి అలవరచుకొన్నారు. సవర భాషలో వాచకాలు వ్రాశారు. సొంత ధనంతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు, ఆ ధనంతో సవరలకు మంచి పాఠశాల నడపవలసిందిగా కోరారు. 1913లో ప్రభుత్వం ఆయనకు రావు బహదూర్ బిరుదునిచ్చింది.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువ కాదు. కొండప్రాంతాలలో తిరగడం వల్ల మలేరియా సోకింది. దానికై సేవించిన క్వినైన్ వల్ల చెవులు వినిపించకుండా పోయాయి. ధ్వనులను ఆలకించడమే దీక్షగా పెట్టుకొన్న మనిషికి ఇంతకంటె క్రూరమైన నష్టం ఏముంటుంది? అయినా సవర వ్యాకరణాన్ని ఆయన విడిచిపెట్టలేదు.

1907లో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు పిల్లలు నోట మాట్లాడే భాషకు, పుస్తకాలలో చదివే భాషకు ఇంత దూరమెందుకని ఆయన సందేహం. ఇంట్లో 'వస్తున్నాడు' అనే బాలుడు బడిలో 'వచ్చుచున్నాడు' అని వ్రాయాలి. పలకని అరసున్నలను, ఉచ్చారణలో భేదం లేని శకటరేఫలను కంఠస్థం చేయాలి. ఈ ప్రశ్న గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగుల ముందుకు వచ్చింది. అప్పటికి రామమూర్తికి నలుబది నాలుగేండ్లు. చరిత్రాధ్యాపకుడుగా పేరు గడించిన ఆయన ఇది తన విషయం కాదని తప్పుకొని ఉండవచ్చు. కాని సవరబాలలకు వారి మాటలోనే చదువు చెప్పినవారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. హెన్రీ స్వీట్, ఒట్టో యెస్పర్సన్ వంటి భాషావేత్తల రచనలు చదివి, ప్రజల నోట మెలగే భాషయే సజీవమైన భాష అన్న నిర్ణయానికి ఆయన వచ్చారు.

1911లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. ఇతరులకు విశ్రాంతి మొదలయ్యే చోట ఆయనకు మహోద్యమం ప్రారంభమైంది. పండితులలో అధికులు ప్రతిపక్షంలో నిలిచారు. 1914లో విశ్వవిద్యాలయ సంఘంలో అసమ్మతి పత్రం సమర్పించిన గురజాడ మరుసటి ఏడే మరణించారు. ఉద్యమభారం చాలవరకు చెవులు వినిపించని ఈ విశ్రాంత ఉపాధ్యాయుని భుజాలపైనే పడింది. ఊరూరా తిరిగి సభలలో గంటల తరబడి ప్రసంగించారు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. వినయశీలి అనగానే మెత్తనివాడని అనుకొంటే పొరపాటు. వాదంలో ఆయన నిప్పు వంటివారు. అయితే తన మాటను నమ్మమని ఎవరినీ అడుగలేదు. శాసనాలను, పూర్వుల వచన గ్రంథాలను ముందుంచి సాక్ష్యం చూపేవారు. గద్యచింతామణి, బాలకవి శరణ్యం ఈ పరిశ్రమ ఫలితాలే. గ్రాంథికవాదులు తాము వ్రాసిన గ్రాంథికంలోనే ఎన్నెన్ని తప్పులు చేస్తున్నారో పట్టి చూపడం ఆయనకు ప్రీతిపాత్రమైన పని. ఒకనాడు ఏ ప్రయోజనమూ ఆశించక నేర్చుకొన్న శాసనలిపి ఇలా అక్కరకు వచ్చింది.

ఆ సంవత్సరమే రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దానికి కందుకూరి వీరేశలింగం అధ్యక్షులు, గిడుగు కార్యదర్శి. గ్రాంథిక వచనానికి ఒరవడి దిద్దిన వీరేశలింగం డెబ్బది ఏండ్ల వయస్సులో ఈ పక్షానికి వచ్చారు. ఆయన కొద్ది నెలలకే కన్నుమూశారు గాని, తన గ్రంథాలకే ఎదురు నిలిచే అభిప్రాయాన్ని అంగీకరించడానికి అంతటివారికి ఎంత మనోధైర్యం కావలసి ఉంటుందో ఊహించవచ్చు.

ఇంత కోలాహలంలోను సవర పుస్తకాలు గిడుగువారి బల్లపైనుండి కదలలేదు. ముప్ఫై అయిదేండ్ల పరిశ్రమ తరువాత 1931లో ఆంగ్లంలో వ్రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. అప్పటికి ఆయనకు అరువది ఎనిమిదేండ్లు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది.

ఈ రెండు గ్రంథాల నడుమ ఆయన తన ఊరిని కోల్పోయారు. పర్లాకిమిడిని ఒడిశాలో చేర్చరాదని ఆయన ఎంతగానో ప్రతిఘటించారు. ఆ ప్రయత్నం ఫలించలేదు. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రానికి ప్రారంభోత్సవం జరిగే ఉదయమే, యాభై అయిదేండ్లకు పైగా నివసించిన ఆ పట్టణాన్ని విడిచి రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. డెబ్బది మూడవ ఏట మరల కొత్త చోట సంసారం, కొత్త చోట వ్రాతబల్ల.

1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులతో ఆయన సమావేశమైనారు. వ్యావహారిక భాషను విడువక పెంపొందించవలసిందని వారికి విన్నవించుకొన్నారు. వారం గడిచింది. 22వ తేదీన ఆయన పరమపదించారు. సవరల పాటలను, కథలను సేకరించే పని కుమారుడు సీతాపతి కొనసాగించారు.