పిట్యూటరీ ఆపరేషన్ తర్వాత నీళ్లు కొలిచి తాగండి

పిట్యూటరీ గడ్డను ఇప్పుడు ఎక్కువగా ముక్కులోంచే తీస్తున్నారు. తలకు కట్టు ఉండదు, కొద్ది రోజులకే ఇంటికి పంపుతారు. గండం గడిచిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నర్సులమైన మాకు మాత్రం ఆ తర్వాతి వారమే భయం.

కొన్నేళ్ల కిందట ఒకావిడను ఎనిమిదో రోజున మగతగా ఉండగా తీసుకువచ్చారు. వాంతులు, తలనొప్పి, మాట తడబాటు. "తలకు ఆపరేషనయ్యింది, వేడి చేస్తుందని కొబ్బరినీళ్లు, బార్లీ నీళ్లు పట్టిస్తూనే ఉన్నాం సిస్టరమ్మా" అన్నారు అత్తగారు. పైగా పథ్యమని కూరల్లో ఉప్పు తగ్గించారు. ఆవిడ ప్రేమలో లోపం లేదు. చీటీలో మందులు రాసి, నీళ్ల సంగతి రాయనిది మేమే.

పిట్యూటరీ బఠాణీ గింజంత గ్రంథి. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోను దాని వెనుక భాగంలో నిల్వ ఉంటుంది. ఆపరేషన్లో ఆ భాగం కదిలితే, కొన్ని రోజులకు ఆ హార్మోను అవసరం లేకున్నా విడుదలవుతుంది. మూత్రం తగ్గుతుంది, తాగిన నీరు ఒంట్లోనే నిలుస్తుంది, రక్తంలో సోడియం పలచబడుతుంది. 135 నుండి 145 వరకు ఉండవలసింది బాగా పడిపోతే ఫిట్స్ కూడా రావచ్చు. ఇది ఎక్కువగా 4వ రోజుకూ 10వ రోజుకూ మధ్య వస్తుంది.

అందుకే చాలా ఆసుపత్రుల్లో ఆ రోజుల్లో నీటిని రోజుకు లీటరు, లీటరున్నర లోపు ఉంచమంటారు. మీకు ఎంతన్నది డాక్టరుగారినే అడగండి. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టుకోండి. కాఫీ, మజ్జిగ, చారు తాగితే అంత నీరు సీసాలోంచి తీసేయండి. ఉప్పు మానవద్దు. 7వ రోజు ప్రాంతంలో సోడియం పరీక్ష తప్పనిసరిగా చేయించండి. స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి ఉంటే ఒక్కపూట కూడా ఆపవద్దు, అవి ఆగినా సోడియం పడిపోతుంది.

కొందరికి ఇందుకు విరుద్ధంగా మూత్రం ధారాళంగా పోయి దాహం ఆగదు. వాళ్లు నీళ్లు తగ్గించకూడదు, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

నీరసమని ఊళ్లో సెలైన్ పెట్టించుకోకండి. ఈ స్థితిలో దానివల్ల సోడియం ఇంకా తగ్గవచ్చు. ఆసుపత్రిలో కూడా సోడియాన్ని నెమ్మదిగానే పెంచుతాం, గబగబా పెంచితే మెదడుకే దెబ్బ.

ఆవిడ మూడో రోజుకు తేరుకుని కాఫీ అడిగింది. అర గ్లాసు ఇచ్చి, చార్టులో రాసుకున్నాం.