లైసెన్సు వచ్చింది, డాక్టర్ని మాత్రం కాదు

వెటర్నరీ టెక్నీషియన్ అంటే మనవాళ్లలో చాలామందికి తెలియదు. పశువుల డాక్టరా అంటారు, కాదంటే కాంపౌండరా అంటారు. మనుషుల ఆసుపత్రిలో నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసేవారు, ఆపరేషన్‌లో మత్తు ఎలా ఉందో కనిపెట్టి చూసేవారు విడివిడిగా ఉంటారు. పశువుల క్లినిక్‌లో ఈ పనులన్నీ ఒక్కరే చేస్తారు. ఆ ఒక్కరే టెక్నీషియన్. బీఎస్సీ జువాలజీ చదివి, పెళ్లయ్యాక పదేళ్లు ఇంటిపట్టునే ఉన్న నాకు ఈ వేసవిలో ఆ లైసెన్సు వచ్చింది. నాలాగే సైన్సు డిగ్రీ బీరువాలో పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి, దారి ఎలా ఉంటుందో చెబుతాను.

ముందు చదువు. మన బీఎస్సీ ఒక్కటే చూపిస్తే సరిపోదు. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న కోర్సు చేయాలి. మామూలుగా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. ఇంటినుంచి చదివే కోర్సులూ ఉన్నాయి. పిల్లలతో నాకది మూడున్నరేళ్లు పట్టింది. థియరీ ఆన్‌లైన్‌లో అయినా, రక్తం తీయడం, ఐవీ పెట్టడం, పళ్ల ఎక్స్‌రే తీయడం లాంటివి నిజం క్లినిక్‌లో చేసి చూపించాలి.

ఇక్కడే మనకు వీసా అడ్డొస్తుంది. హెచ్‌4 మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. క్లినిక్‌లో జీతం తీసుకోకుండా చేసినా అది పని కిందికే రావచ్చు. 2015లో మొదలైన హెచ్‌4 ఈఏడీ కూడా అందరికీ రాదు, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత ముందుకు వెళ్లి ఉండాలి. నేను థియరీ అంతా ముగించి, ఈఏడీ చేతికొచ్చాకే క్లినిక్ గడప తొక్కాను. ఫీజు కట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి.

చదువయ్యాక వీటీఎన్ఈ అనే జాతీయ పరీక్ష. 170 ప్రశ్నలు, మూడు గంటలు. అందులో 150కే మార్కులు. మిగతా 20 ప్రయోగాత్మకంగా పెట్టినవి, కానీ అవి ఏవో మనకు తెలియదు. మందుల లెక్కలు బాగా వస్తాయి. 22 పౌండ్ల కుక్కంటే 10 కిలోలు. కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 50 మిల్లీగ్రాములు. సీసాలో మిల్లీలీటరుకు 25 ఉంటే సిరంజిలోకి ఎక్కించాల్సింది 2 మిల్లీలీటర్లు. మనకు చిన్నప్పటినుంచీ అలవాటైన లెక్కలే కాబట్టి భయపడక్కర్లేదు. నాకు కష్టమైనవి జాతుల మధ్య తేడాలు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం, దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మన పులుసన్నం కుక్కకి పెట్టకూడదన్నది అందుకే.

ఆపైన రాష్ట్రం లైసెన్సు. మా టెక్సాస్‌లో ఎల్‌వీటీ అంటారు, కాలిఫోర్నియాలో ఆర్‌వీటీ, పెన్సిల్వేనియాలో సీవీటీ. నియమాలు కూడా రాష్ట్రానికో తీరు. ఇక్కడైతే రాష్ట్ర చట్టం మీద ఇంకో పరీక్ష రాయాలి.

తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో బీవీఎస్సీ చేసి వచ్చినవాళ్లు ఈ దారిలోకి రావాల్సిన పనిలేదు. ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ అనే ప్రక్రియ పూర్తిచేసి, నావ్లీ పరీక్ష రాసి ఇక్కడ డాక్టర్లే కావచ్చు. కాకపోతే డబ్బు, ఓపిక రెండూ ఎక్కువ కావాలి.

ఇంట్లో మాటలు కూడా పడ్డాను. "డిగ్రీ చదివి కుక్కల పెంట ఎత్తుతావా తల్లీ?" అన్నారు మా అత్తయ్య. ఎత్తాలి, నిజమే. ఇంటికి రాగానే స్నానం చేయందే వంటింట్లోకి వెళ్లను. జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లకొచ్చినంత ఉండదు. కరిచే పిల్లులుంటాయి, మోయాల్సిన కుక్కలుంటాయి. అన్నిటికన్నా కష్టం, బాగుపడని జంతువుకు చివరి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు దాన్ని పట్టుకుని ఉండటం. మొదటిసారి ఒక ముసలి లాబ్రడార్ తల నా మోచేతి మీద ఉంది. దాని యజమాని ఏడుస్తుంటే నేను ఏడవకూడదు, చెయ్యి కదలకూడదు. ఆ రాత్రి అత్తయ్యకు ఈ సంగతి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "దానికి నొప్పి తెలిసిందా?" అని అడిగారు. లేదన్నాను.

వచ్చే నెలనుంచి వారానికి మూడు రోజులు పనిలోకి వెళ్తున్నాను. లైసెన్సు సంగతి తెలిశాక మనవాళ్ల ఫోన్లు పెరిగాయి. "వదినా, మా టామీ పొద్దున్నుంచి కక్కుతోంది, ఏం మందు వేయమంటావ్?" టెక్నీషియన్ రోగం ఇదని తేల్చకూడదు, ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పకూడదు, మందు రాయకూడదు, ఆపరేషన్ చేయకూడదు. ఈ నాలుగూ డాక్టర్ పనులు. "మందు చెప్పలేనమ్మా. ఏం తిందో, ఎన్నిసార్లు కక్కిందో రాసుకుని ఇప్పుడే క్లినిక్‌కి తీసుకెళ్లు" అంటాను. కొందరు నొచ్చుకుంటారు. అయినా అదే చెబుతాను.