అడుగు కలిపే పెట్టె

"ఎండ గింత కొడుతుంటే, లైన్ల కరెంటు పోంగనే మా ఇంట్ల గూడ ఎందుకు పోతాంది?" వేములవాడలో డాబా మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లకు మొదటి నెలలోనే వచ్చే అనుమానం ఇది.

జవాబు డాబా మీద లేదు, గోడకు బిగించిన ఇన్వర్టర్‌లో ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ 1954లో చూపిన సిలికాన్ సెల్ నుంచి నేటి ప్యానెల్ దాకా ఎండలో పుట్టేది డీసీ కరెంటే. మన ఇంటి లైన్లో ఉన్నది సెకనుకు 50 సార్లు ఊగే ఏసీ. ఆ డీసీని సెకనుకు వేలసార్లు కత్తిరించి, అలలా మలిచే పని ఈ పెట్టెది. జర్మనీ 1990లో మొదలుపెట్టిన 'వెయ్యి పైకప్పుల' పథకంతో ఇది ఎన్నో ఇళ్లకెక్కింది.

మెట్ల కింది బ్యాటరీ ఇన్వర్టర్ తన లయ తానే కట్టుకుంటుంది. ఈ సోలార్ పెట్టె అలా కాదు. బతుకమ్మ ఆటకు ఆలస్యంగా వచ్చిన ఆడబిడ్డ ముందు చప్పట్లు విని, అడుగు చూసుకుని వరుసలో కలిసినట్టు, లైన్ ఊపు పట్టుకున్నాకే తన కరెంటు వదులుతుంది. ఆ ఊపు చిన్నదేం కాదు. 2013 డిసెంబరు 31న రాయచూర్-సోలాపూర్ లైన్‌తో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటినుంచి భాక్రా టర్బైన్లదీ, రాజన్న గుడి పక్క గల్లీలోని పెట్టెదీ ఒకటే లయ.

లైన్ ఆగితే? పెట్టె 2 సెకన్లలోపే తప్పుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనకా ముందూ తెలియదు. ఇంటివైపు నుంచి ఎక్కిన 230 వోల్టులు అవతల 11,000 వోల్టులుగా లేవగలవు. బంద్ చేసిన లైనే కదా అని స్తంభమెక్కిన మనిషి చేయి అక్కడుంటుంది. ఇక్కడ కరెంటు పంచేది 1970 నుంచి నడుస్తున్న సిరిసిల్ల సహకార విద్యుత్ సంఘం, మనం 'సెస్' అనేది. వాడుకునేవాళ్లే సభ్యులు, ఓటేసి పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ వాళ్లే. అంటే స్తంభం మీదున్నది మన సంఘం మనిషే. కరెంటు లేకుండా కాసేపు కూర్చోవడానికి ఇంతకన్నా కారణం నాకైతే అక్కర్లేదు. అంతగా ఓర్వలేనివాళ్లకు బ్యాటరీ కలిపిన హైబ్రిడ్ రకాలున్నాయి, ఖర్చు పెట్టుకోవాలి.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అనేసరికి అందరి లెక్కా నెట్ మీటర్ మీదే. వచ్చిన యూనిట్లు ఒక ఖాతా, పోయినవి ఇంకో ఖాతా. పెట్టె అడుగు కలిపితేనే ఆ రెండో ఖాతా నిండేది.

పోయిన కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరిగింది. పెట్టె మాత్రం ఇంకా లైట్ మిణుకుమంటూ వోల్టేజీ నిలకడగా ఉందో లేదో చూస్తూనే ఉంటుంది. కొన్ని నిమిషాలకు లోపల రిలే 'టక్' మంటుంది.