మోటారు మీ మాట వినాలంటే..

ఫైనలియర్ ప్రాజెక్టు రెడీమేడ్‌గా కొంటే మార్కులొస్తాయి. కానీ ఇంటర్వ్యూలో ‘ఈ చిప్ ఎందుకు పెట్టారు?’ అని అడిగితే? నేను అక్కడే నీళ్లు నమిలా. అందుకే చెబుతున్నా.. మోటారును కంప్యూటర్‌తో కదిలించే ఇంటర్‌ఫేస్ కార్డు మీరే తయారుచేసి చూడండి.

కంప్యూటర్ ఉండగా మళ్లీ కార్డెందుకు అంటారా? స్టెప్పర్ మోటారు ఒక్కో పల్స్‌కు ఒక్కో అడుగు వేస్తుంది. పల్స్‌ల మధ్య వ్యవధి అటూఇటూ అయితే అడుగు తప్పుతుంది. విండోస్ ఒకేసారి పది పనులు చూసుకుంటుంది, మైక్రోసెకన్ల లెక్క దానికి పట్టదు. ఆ బాధ్యత కార్డుది. ఆర్డుయినో యునోలో ఉచితంగా దొరికే జీఆర్‌బీఎల్ ఫర్మ్‌వేర్ వేయండి. యూఎస్‌బీలో వచ్చిన ఆదేశాలను అది సెకనుకు 30,000 వరకూ పల్స్‌లుగా మారుస్తుంది.

ఇక లెక్క చూద్దాం. సాధారణ మోటారుకు చుట్టుకు 200 అడుగులు. ఏ4988 డ్రైవర్‌తో ఒక్కో అడుగును 16 భాగాలు చేస్తే 3,200. చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ వాడితే, మిల్లీమీటరుకు 400 పల్స్‌లు. అంటే ఈ కార్డు ఇవ్వగల గరిష్ఠ వేగం సెకనుకు 75 మిల్లీమీటర్లు.

జీరో పీసీబీ మీద సోల్డరింగ్ చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. లిమిట్ స్విచ్ వైర్లు మోటారు నాయిస్‌ను లాక్కొస్తాయి, మధ్యలో ఆప్టోకప్లర్ పెట్టండి. పవర్ ఉండగా మోటారు వైరు పీకొద్దు. నేను పీకా, డ్రైవర్ మాడిపోయింది. కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా తెగితే వోల్టేజీ ఎగిసిపడుతుందని అప్పుడే అర్థమైంది.

తర్వాతి ఇంటర్వ్యూలో ఆ చిప్ ఎందుకు పెట్టానో, ఎందుకు మాడిందో రెండూ చెప్పగలిగా.