జ్వరం వెనుక జబ్బు: పెంపుడు జంతువుల ఇంటర్నల్ మెడిసిన్

నల్లకుంట అనగానే హైదరాబాదు వాసులకు ఫీవర్ ఆసుపత్రి గుర్తుకొస్తుంది. ఆ ఆసుపత్రికి సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది ఆయనే. మనిషికి జ్వరం వస్తే ‘ఏ జ్వరం?’ అని అడగడం మనకు అలవాటైంది. కుక్కకు జ్వరం వస్తే మాత్రం చాలామంది ఒక ఇంజెక్షన్ వేయించి ఇంటికి తీసుకొస్తారు. జ్వరం జబ్బు కాదు, జబ్బు కనిపించే ఒక లక్షణం మాత్రమే. ఆ లక్షణం వెనుక ఏముందో వెతికే శాఖే ఇంటర్నల్ మెడిసిన్. కోత అవసరం లేకుండా రక్తం, కాలేయం, మూత్రపిండాలు, గుండె, హార్మోన్ల జబ్బులను ఇది చూస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్లకుంటలో ఒక ఇంట్లో ఆరేళ్ల లాబ్రడార్ ఉందనుకోండి. పది రోజుల క్రితం దానికి జ్వరం వచ్చింది. ఇంజెక్షన్‌తో తగ్గి మళ్లీ వచ్చింది. ఇప్పుడు తిండి సరిగా తినడం లేదు, బరువు తగ్గింది, ఈ ఉదయం ముక్కు నుంచి రక్తం కారింది. స్థానిక డాక్టరు దాన్ని పెద్ద ఆసుపత్రికి పంపారు. దగ్గర్లోనే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో బోధనాసుపత్రి ఉంది.

అక్కడి డాక్టరు ముందుగా జబ్బు పేరు చెప్పరు. జ్వరం, ముక్కు రక్తం, పాలిపోయిన చిగుళ్లు, బరువు తగ్గడం అని సమస్యలను విడివిడిగా రాసుకుంటారు. ఒక్కోదానికి ఎన్ని కారణాలు ఉండవచ్చో ఆలోచిస్తారు. ముక్కు రక్తానికి ముక్కులో గడ్డ కారణం కావచ్చు, ఎలుకల మందు తినడం కావచ్చు, ప్లేట్‌లెట్లు పడిపోవడం కావచ్చు. అందుకే ఆయన అడిగే ప్రశ్నలు మీకు సంబంధం లేనివిగా అనిపిస్తాయి: ఇంట్లో ఎలుకల మందు పెట్టారా? ఒంటిమీద గోమార్లు కనిపించాయా? ఇంతకుముందు ఏ మందులు వేశారు? ఈ జవాబులు కుక్క చెప్పలేదు. సగం రోగ నిర్ధారణ యజమాని నోటి నుంచే రావాలి.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 30 వేలకు పడిపోయాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో ఇవి సుమారు 2 నుంచి 5 లక్షల వరకు ఉంటాయి. గోమార్ల చరిత్ర కూడా ఉంది కాబట్టి ఎర్లిషియా జబ్బును అనుమానిస్తారు. 1935లో అల్జీరియాలో మొదట వర్ణించిన ఈ జబ్బుకు కారణం తెల్లరక్తకణాల్లో పెరిగే ఒక బ్యాక్టీరియా. మలేరియాకు దోమ ఎలాగో దీనికి గోధుమరంగు కుక్క గోమారి అలాగ.

ఇక్కడే విద్యార్థులు తరచుగా పొరబడతారు. యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వస్తే జబ్బు ఖాయమనుకుంటారు. చికిత్స పూర్తయి కోలుకున్న కుక్కలో కూడా యాంటీబాడీలు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కనుక ఆ ఫలితం ‘ఎప్పుడో సోకింది’ అని మాత్రమే చెబుతుంది. పీసీఆర్ పరీక్ష బ్యాక్టీరియా జన్యుపదార్థాన్నే వెతుకుతుంది. అయితే క్రిమి ప్లీహంలో దాక్కుని రక్తంలో తక్కువగా ఉంటే పీసీఆర్ కూడా నెగెటివ్ రావచ్చు. ఏ ఒక్క కాగితమూ తీర్పు కాదు. లక్షణాలు, రక్తకణాల లెక్క, మూత్రంలో ప్రొటీను, అల్ట్రాసౌండ్‌లో ప్లీహం పరిమాణం అన్నీ కలిపి చూడాలి. అదే గోమారి మరో పరాన్నజీవిని కూడా ఎక్కించి ఉండవచ్చు. బబీసియా కూడా ఉంటే ఎర్లిషియాకు వాడే మందు ఒక్కటే సరిపోదు.

ఎర్లిషియాకు సాధారణంగా వాడేది డాక్సీసైక్లిన్, 28 రోజులు. జబ్బు తొలిదశలో ఉంటే రెండు మూడు రోజుల్లోనే కుక్క లేచి తిరుగుతుంది. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. బాగైందని మాత్రలు ఆపేస్తారు. క్రిమి శరీరంలో మిగిలిపోతుంది. నెలలు, ఏళ్లు పైకి ఏమీ కనిపించదు. తర్వాత కొన్ని కుక్కల్లో ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాల ఉత్పత్తే పడిపోతుంది. ఆ దశలో రక్తం ఎక్కించినా బతికే అవకాశం తక్కువ. అలాంటప్పుడు ఖర్చు గురించి, జంతువు పడే బాధ గురించి డాక్టరు దాపరికం లేకుండా మాట్లాడాలి. అది కూడా చికిత్సలో భాగమే.

డాక్టరును కలిసేలోపు మనుషుల జ్వరం మాత్ర ఇవ్వకండి. ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గిన కుక్కకు ఆస్పిరిన్ ఇస్తే రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. పిల్లికి ఒక్క పారాసెటమాల్ మాత్ర కూడా ప్రాణాంతకం కావచ్చు.

మరొక మాట. ఈ గోమారి గోడల పగుళ్లలో, తలుపు సందుల్లో గుడ్లు పెడుతుంది. కుక్క ఒంటికి మాత్రమే మందు రాసి ఇంటిని వదిలేస్తే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తారు.

అభ్యాసం: పదేళ్ల పిల్లి బాగా తింటున్నా బరువు తగ్గుతోంది, నీళ్లు ఎక్కువగా తాగుతోంది. దాని సమస్యలను విడివిడిగా రాయండి. యజమానిని ఏ మూడు ప్రశ్నలు అడుగుతారు? ముందుగా ఏ పరీక్షలు చేయిస్తారు, ఎందుకు?