సైకిల్‌లో గాలి నిలవట్లేదా? పంక్చర్ కంటే ముందు వాల్ ట్యూబ్ చూడండి

ఈరోజు మన మామూలు సైకిల్ వాల్వు గురించి చెప్తాను. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో పాల క్యాన్లు మోసే పాతరకం సైకిళ్లకు ఉండేది ఇదే. దీని పేరు వుడ్స్ వాల్వు, డన్‌లప్ వాల్వు అని కూడా అంటారు. 1888లో డన్‌లప్ గాలి టైరు చేశాడు కదా, ఆ పేరే దీనికీ వచ్చింది.

ఇది ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. పైన నట్టు విప్పితే లోపల చిన్న పిన్ను వస్తుంది. ఆ పిన్నుకు పక్కన ఒక రంధ్రం, దాని మీద తొడిగిన సన్నటి రబ్బరు గొట్టం ఉంటాయి. దాన్నే మనం వాల్ ట్యూబ్ అంటాం. పంపు కొట్టినప్పుడు గాలి ఆ రంధ్రంలోంచి వచ్చి, రబ్బరును పైకి లేపి, ట్యూబులోకి పోతుంది. పంపు ఆపగానే లోపలి గాలే రబ్బరును రంధ్రానికి గట్టిగా అదుముతుంది. అంతే, దారి మూసుకుపోతుంది. స్ప్రింగ్ లేదు, ఏమీ లేదు.

మరి ఇబ్బంది ఎక్కడ? మన ఎండలకు రబ్బరు గట్టిపడి పగులుతుంది. అప్పుడు రాత్రి గాలి కొడితే తెల్లారేసరికి టైరు చప్పబడుతుంది. చాలామంది పంక్చర్ అనుకుని టైరు విప్పిస్తారు. కూలికి పోయేవాళ్లకు డబ్బులు దండగ, సగం పూట పని కూడా పోతుంది.

అందుకే ముందు ఈ పరీక్ష చేయండి. గాలి నిండా కొట్టి, వాల్వు మూతి మీద ఒక చుక్క నీళ్లు వేయండి. మూతిలోంచి బుడగలు వస్తే వాల్ ట్యూబ్ పోయినట్టు. నట్టు అంచున వస్తే ముందు నట్టు బిగించి చూడండి. రెండు చోట్లా రాకపోతే అప్పుడు ట్యూబు విప్పి చూడాలి.

కొత్తది వేసేటప్పుడు పిన్నును నీళ్లతో తడిపి, రబ్బరును రంధ్రం దాటి పైన గట్టు దాకా ఎక్కించండి. నూనె మాత్రం రాయొద్దు, రబ్బరు ఉబ్బి పాడైపోతుంది.

ఇంకో మాట. బైకుల వాల్వు వేరు, దాంట్లో స్ప్రింగ్ ఉంటుంది. అందుకే పెట్రోల్ బంకులో గాలి గొట్టం దీనికి పట్టదు. ఈ వాల్వులో గాలి వెనక్కి రాదు కాబట్టి మీటరూ సరిగా చూపించదు. బొటనవేలితో టైరు నొక్కి చూసుకోవడమే.

ఒక వాల్ ట్యూబ్ ముక్క సీటు కింద సంచిలో పెట్టుకోండి. దారిలో పనికొస్తుంది.