పవర్ సప్లైకి పరీక్ష మార్పు వేళే

ఎలక్ట్రానిక్స్ పని జరిగే బల్ల మీద తప్పనిసరిగా ఉండేది పవర్ సప్లై. రేడియో తొలినాళ్లలో ఈ పనికి బ్యాటరీలే దిక్కు. తర్వాత వాల్వులు, ఆపైన ట్రాన్సిస్టర్లు వోల్టేజిని నిలకడగా ఉంచే బాధ్యత తీసుకున్నాయి. 1976లో నేషనల్ సెమీకండక్టర్‌లో బాబ్ డాబ్‌కిన్ రూపొందించిన ఎల్ఎం317 ఆ బాధ్యతను మూడు కాళ్ల చిప్‌లో ఇమిడ్చింది. రెండు రెసిస్టర్లతో 1.25 నుంచి 37 వోల్టుల దాకా కావలసినంత పెట్టుకోవచ్చు. స్విచింగ్ పద్ధతి వచ్చాక బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అవసరం పోయింది. 30 వోల్టులు, 5 ఆంపియర్ల సప్లై విద్యార్థికీ అందుతోంది.

అయితే సప్లై డిస్‌ప్లే చూపేది సగటు మాత్రమే. సెకనులో వెయ్యో వంతులో జరిగేది ఆసిలోస్కోపుకే దొరుకుతుంది.

పరీక్షలో ముందు లోడ్ లేకుండా, తర్వాత పూర్తి లోడ్‌తో వోల్టేజి కొలవాలి. కొలత సప్లై టెర్మినళ్ల దగ్గరే తీసుకోవాలి. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత, మీటరు పొడవు ఉన్న రాగి తీగల జతలో 5 ఆంపియర్లకు దాదాపు 0.17 వోల్టులు పోతాయి. ఆ లోపం సప్లైది కాదు. రిపుల్, అంటే వోల్టేజిలో మిగిలిపోయే చిన్న అలలు, చూసేటప్పుడు ఆసిలోస్కోపు ప్రోబ్ గ్రౌండ్ తీగ పొట్టిగా ఉండాలి, లేకపోతే చుట్టుపక్కల నాయిస్ కూడా తెరమీదికి వస్తుంది.

తర్వాత మాస్‌ఫెట్ స్విచ్‌తో లోడ్‌ను ఒక్కసారిగా కలిపి, తీసేయాలి. మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారినట్టు వోల్టేజి కుంగుతుంది. ఎంత కుంగింది, ఎంతసేపట్లో కోలుకుంది, కోలుకునేటప్పుడు ఊగిందా అన్నవి ముఖ్యం. ఆన్, ఆఫ్ చేసేటప్పుడూ గమనించాలి. పెట్టిన 5 వోల్టులు క్షణకాలం 7కు ఎగిసినా సున్నితమైన చిప్‌కు ప్రమాదమే.

అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది కరెంట్ లిమిట్, అంటే కరెంటు పెట్టిన హద్దు దాటకుండా చూసే అమరిక, దగ్గర. 20 మిల్లీఆంపియర్లకు లిమిట్ పెట్టి, 30 వోల్టులున్న టెర్మినళ్లకు నేరుగా ఎల్ఈడీ తగిలిస్తే అది కాలిపోవచ్చు. లిమిట్ అదుపు చేసేది రెగ్యులేటర్‌ను. దాని తర్వాత ఉన్న అవుట్‌పుట్ కెపాసిటర్ మీద దానికి పట్టు లేదు. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో 30 వోల్టుల వద్ద 0.45 జౌళ్ల శక్తి ఉంటుంది. అది ముందు ఎల్ఈడీలోకి దూకుతుంది. అందుకే వోల్టేజిని సున్నాకు దించి, ఎల్ఈడీ కలిపి, నెమ్మదిగా పెంచాలి.

ఈ పరీక్షలు చవక సప్లైని తిరస్కరించడానికి కాదు. రిపుల్ ఎక్కువైనా చిన్న మోటార్లకూ, ఎల్ఈడీ పట్టీలకూ అది చక్కగా సరిపోతుంది. సెన్సర్ సర్క్యూట్‌కైతే మధ్యలో ఒక లీనియర్ రెగ్యులేటర్ చేర్చుకోవాలి. తన సప్లై ఎక్కడ తడబడుతుందో కొలిచి తెలుసుకున్న విద్యార్థి, తక్కువ ధర పరికరంతోనూ నమ్మదగిన ఫలితాలు రాబట్టగలడు.